దూడకు జున్నుపాలు, మరి బిడ్డకు?



విస్తరణాధికారి ఎరువుల సంగతి వదిలి చంటిబిడ్డల సంగతి ఎత్తుకున్నాడేమా అనుకుంటారేమో. పశువుల కొట్టం నుంచే మొదలు పెడతాను.

గేదె ఈనిన గంట, రెండు గంటలలోపల దూడకు జున్నుపాలు పట్టవలెనని మీకు తెలుసు. రోగాలను ఎదిరించే శక్తి ఆ పాలలో ఉన్నది. ఒక రోజు దాటితే ఆ శక్తిని దూడ పేగులు ఒంటికి పట్టించుకోలేవు. అందుకే జున్ను వండుకునే ముందు దూడ వాటా చూస్తాం.

నిరుడు ఒక రైతు ఇంటికి పోయాను. కొట్టంలో దూడ పొదుగు కుడుస్తున్నది. ఇంట్లో రెండు రోజుల మనుమడికి చక్కెర నీళ్లు పోస్తున్నారు. "తల్లి పాలివ్వలేదా అమ్మా?" అంటే, "పచ్చగా, జిగటగా ఉన్నాయి బాబూ, పిండి పారబోశాం. మూడోనాడు ఇస్తాం" అన్నది నాయనమ్మ. దూడకు దక్కిన న్యాయం మనుమడికి దక్కలేదు! నాలుగోనాడు విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రికి పరుగెత్తారు. అదృష్టం బాగుండి బతికాడు.

ఆ పచ్చని పాలే ముర్రుపాలు. బిడ్డ పేగులకు లోపల పూత పూసినట్లు పట్టి, రోగక్రిములను నిలవనీయవు. కొద్దిగానే వస్తున్నాయని బెంగ వద్దు; పసిపొట్టకు ఆ కొద్దే చాలు. పసిబిడ్డల చావులు మొదటి నెలలోనే ఎక్కువ. కాపుదల కావలసిందీ అప్పుడే. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు మన దేశంలో నూటికి 42 మందే.

కానుపైన గంటలోపల బిడ్డకు రొమ్ము పట్టించండి. తేనె, ఆముదం, గాడిదపాలు వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే ఇవ్వవలెను. ఎండాకాలమైనా నీళ్లు అక్కరలేదు. ఆ పాలలో నూటికి 87 పాళ్లు నీరే. డాక్టరు చెప్పిన మందులు మాత్రం మానవద్దు. పాలసీసా జోలికి పోకండి. ఈగలూ, మురికీ దాని వెంటే వస్తాయి. ఆరు నెలల తర్వాత జావ, మెత్తని పప్పన్నం అలవాటు చేస్తూ, రెండేళ్లదాకా పాలు మానిపించవద్దు.

నాట్ల రోజుల్లో తల్లి పొలానికి పోక తప్పకపోతే, చేతులు కడుక్కొని, నీళ్లలో మరిగించిన గిన్నెలోకి పాలు పిండి, మూతపెట్టి నీడపట్టున ఉంచవలెను. నాలుగు గంటలు దాటకుండా ఉగ్గుగిన్నెతో పట్టండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు కాలినా, చల్లబడినా వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోండి.

అత్తలారా, అమ్మమ్మలారా! బాలింత మీ మాట మీదే నడుస్తుంది. దూడ వాటా దూడకు విడిచే ఇంట్లో, బిడ్డ వాటా బిడ్డకు ఇప్పించండి.