విదేశ విహారము, కొత్త కొలువు



ఉద్యోగస్థుల ఇండ్లలో డిసెంబరు మాసము లెక్కల మాసము. సెలవు ఎన్ని దినములు మిగిలినది, పిల్లల బడికి సెలవులెప్పుడు, చేతిలో సొమ్మెంత, ఈ మూడింటిని కూడి తీసివేయుటతోనే సాయంకాలములు గడచిపోవును. పూర్వము శీతకాలపు ప్రయాణమనగా కాశీయో, రామేశ్వరమో, కాకున్న స్వగ్రామమున సంక్రాంతియో. నేడు గుమాస్తా కుటుంబము సయితము కొన్నియేండ్లు కూడబెట్టి సముద్రము దాటి రాగలుగుచున్నది. ఇది సంతోషింపదగిన మార్పే. అయితే విమానపు టిక్కెట్లు చేతికి వచ్చిన వారముననే కొత్త ఉద్యోగపు ఉత్తరువు కూడ వచ్చినచో ఆ దంపతులు ఏమి చేయవలెను? విహారమును మానుకొనవలెనా, కొలువును వాయిదా వేయవలెనా? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

ఉదాహరణమునకు బస్తరులోని నగర్‌నార్‌ను తీసికొనుట ఉచితము. హైదరాబాదు ప్రధాన కార్యాలయముగా గల ఎన్.ఎం.డి.సి. అచ్చట ఉక్కు కర్మాగారమును నిర్మించినది. కావున ఆ పేరు తెలుగు ఉద్యోగస్థులకు పరాయిది కాదు.

ఒక దంపతులను శ్రోతలు ఊహించుకొందురుగాక. భర్త విశాఖపట్టణమున ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయమున ఇంజనీరు. భార్య అదే నగరమున కేంద్రీయ విద్యాలయములో ఉపాధ్యాయిని. పెండ్లియై పండ్రెండేండ్లయినది. ఈ శీతకాలపు సెలవులలో జపాను చూచి రావలెనని నాలుగేండ్లుగా సొమ్ము కూడబెట్టిరి. నవంబరులో భర్తకు నగర్‌నార్ కర్మాగారమున ఉద్యోగమిచ్చుచు ఉత్తరువు వచ్చినది. డిసెంబరు నెలాఖరులోగా చేరవలెనని అందు వ్రాసియున్నది. విమానము ఎక్కవలసినదియు ఆ రోజులలోనే.

“ప్రయాణము మానుదము. ఉద్యోగము ముఖ్యము” అని భర్త అనును. “ఏమండీ, మానవలసివచ్చిన మానుదము. కాని ఆ ఉద్యోగములో చేరవలెనా వద్దా అను మాట నన్నొక్కసారియైనను అడిగితిరా?” అని భార్య అనును. చిక్కు టిక్కెట్లలో లేదు; ఈ రెండవ ప్రశ్నలో ఉన్నది. భర్త నగర్‌నార్ చేరినచో ఆమె ఉద్యోగము విశాఖలోనే ఉండిపోవును. రెండిండ్లు, రెండు వంటలు, నడుమ సుమారు 300 కిలోమీటర్ల కొండదారి.

మొదట నియమముల మాట. కేంద్ర ప్రభుత్వోద్యోగి ఆర్జిత సెలవు ఏటికి 30 దినములు. జనవరి మొదట 15, జూలై మొదట 15 ఖాతాలో చేరును. సెలవుపై సొంత పనిమీద విదేశమునకు పోవువారు ముందుగా అనుమతి పొందవలెను. దరఖాస్తు చేరిన 21 దినములలోగా నిర్ణయము తెలుపవలెనని 2015లో కేంద్ర సిబ్బంది శాఖ నిర్దేశించినది. సెలవు ప్రయాణపు రాయితీ భారతదేశమునకే పరిమితము. విదేశ యాత్రకు అది చెల్లదు. ప్రజాప్రయోజనార్థము బదిలీయై నివాసము మార్చువారికి 1979 నాటి నియమముల ప్రకారము 1000 కిలోమీటర్లలోపు దూరమునకు 10 దినములు, ఆపైన 2000 వరకు సామాన్యముగా 12 దినములు, అంతకు మించిన 15 దినములు చేరికకు గడువు కలదు. తాము కోరుకొనిన బదిలీకి ఆ గడువు లేదు. ప్రభుత్వరంగ సంస్థలకు తమ తమ నియమములు వేరుగా ఉండును గనుక ఉత్తరువుతోపాటు వచ్చిన షరతులను పంక్తి విడువక చదువవలెను.

ఈ దంపతుల ముందు మూడు దారులున్నవి. ప్రయాణము మానుట మొదటిది. చేరిన వెంటనే సెలవు అడుగుట రెండవది. ఇది అన్నింటికంటె చెడ్డ దారి. కొత్తవాని ముఖము తోటివారికి తెలియకమునుపే అతని సెలవు చీటి తెలియును. చేరిక గడువు పొడిగింపుమని కారణమును దాచక, తేదీని స్పష్టముగా తెలిపి, లిఖితముగా కోరుట మూడవది. అడిగినవారికెల్ల గడువు దొరకునని కాదు, అడుగనివారికి దొరకదు. గడువు లభించినచో వరుస తప్పరాదు. పాత ఉద్యోగములో ఉండగనే సెలవుపై పోయి, తిరిగి వచ్చి, పాత బల్లవద్ద సంతకము చేసి, ఆపై విడుదల ఉత్తరువు తీసికొనవలెను. విడుదలయైన పిదప విహారమునకు పోయినచో సర్వీసులో ఖాళీ ఏర్పడును. మంచు వలన ఒక విమానము తప్పినను కొత్త చేరిక తేదీ తప్పవచ్చును.

భర్త ఆ ప్రకారమే వ్రాసెను. జనవరి మధ్యకు గడువు వచ్చెను. పండ్రెండు దినముల యాత్రను తొమ్మిదికి కుదించిరి. మిగిలిన మూడు దినములు నగర్‌నార్ పోయి చూచి వచ్చుటకు ఉంచవలెనని భార్య పెట్టిన షరతు.

జపానునకు, బస్తరునకు సంబంధమేమని కొందరు అడుగవచ్చును. సంబంధము ఉన్నది, అది ఇనుముతో ముడివడినది. బైలాడిలా కొండల ఇనుప రాతిని జపాను ఉక్కు కర్మాగారములకు పంపుటకై 1960లో ఒప్పందము జరిగినది. దానికొఱకే 1960వ దశకమున కొత్తవలస నుండి కిరండూలు వరకు సుమారు 445 కిలోమీటర్ల రైలుమార్గమును తూర్పు కనుమలను తొలిచి వేసిరి. అరకు చూడబోవు తెలుగువారు లెక్కపెట్టుచు పోవు సొరంగములు ఆ మార్గములోనివే. 1968లో బైలాడిలాలో తవ్వకము మొదలయ్యెను. రాయి కొండ దిగి విశాఖ రేవు చేరి ఓడనెక్కి జపాను పోయెను. విశాఖ దంపతులు శీతకాలమున చేయు ప్రయాణమును బస్తరు రాయి అర్ధశతాబ్దికి ముందే చేసినది.

జపానులో శీతకాలమున పగలు పొట్టి. డిసెంబరులో టోకియోలో సాయంకాలము నాలుగున్నరకే సూర్యుడు అస్తమించును. డిసెంబరు 29 నుండి జనవరి 3 వరకు ప్రభుత్వ కార్యాలయములు మూసియుండును. మ్యూజియములలోను పెక్కింటికి సంవత్సరాంతపు సెలవులే. ఇది ఎఱుగక పోయినవారు మూసిన తలుపులను చూచి రావలసియుండును. శాకాహారులకు మఱియొక జాగ్రత్త: కూరగాయల పులుసని తోచినదానిలోను ఎండుచేప కాచిన రసము ఉండవచ్చును. ఉత్తరాన సప్పోరో నగరమున ఫిబ్రవరిలో జరుగు మంచు ఉత్సవము లోకప్రసిద్ధము. 1950లో పాఠశాల విద్యార్థులు ఒక ఉద్యానవనమున ఆరు మంచు బొమ్మలు చేయుటతో అది ఆరంభమైనది. ఈ దంపతుల సెలవులకు అది అందదు. అందని దానికై వగవక వారు దక్షిణముగా కిటాక్యూషూ నగరమునకు పోవుదురు.

అచ్చటి యవాటా ఉక్కు కర్మాగారము 1901లో పని ప్రారంభించినది. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చిన మేయిజీ కాలపు పారిశ్రామిక స్థలములలో దాని పాత కట్టడములు కొన్ని కలవు. 1901 అను అంకెను ధరించిన పాత కొలిమి నేటికిని స్మారకముగా నిలిచియున్నది. ఇంజనీరు భర్తకు ఆ కొలిమియే తీర్థము.

భార్య చూడవలసినది మఱియొకటి కలదు, అది కట్టడము కాదు. ఆ నగరపు తోబాతా ప్రాంతమున 1950, 60 దశకములలో ఆరవేసిన బట్టలపై మసి పేరుకొనెడిది. పిల్లలు దగ్గుతో బాధపడిరి. ప్రక్కనున్న దోకాయి అఖాతమున చేప బ్రతుకని స్థితి వచ్చెను. అచ్చటి గృహిణులలో అనేకుల భర్తలు ఆ కర్మాగారములలోనే పనిచేయువారు. పొగపై మాటాడిన భర్త జీతమునకు ముప్పు. అయినను మహిళా సంఘములవారు గుడ్డలను వ్రేలాడదీసి మసిని పరీక్షించిరి, లెక్కలు వ్రాసిరి, అధికారులను కలిసిరి. 1965లో “నీలాకాశము కావలెను” అను అర్థమిచ్చు పేరుతో ఒక చలనచిత్రమును తామే తీసిరి. తరువాత నగరపాలకులును, కర్మాగారములును కదలిరి. 1970వ దశకమున అఖాతపు మలిన పంకమును త్రవ్వి తీసిరి. చేపలు తిరిగి వచ్చినవి. ఉద్యోగస్థుని భార్య సామానుతోపాటు కదలు సామాను కాదని, ఆమెకును కర్మాగారముతో ఒక పని ఉన్నదని ఆ గృహిణులు నిరూపించిరి.

ఇక నగర్‌నార్. జగదల్పూరునకు సుమారు 16 కిలోమీటర్ల దూరమున, ఒడిశా సరిహద్దునకు సమీపమున నున్నది. కర్మాగారపు సామర్థ్యము ఏటికి 30 లక్షల టన్నులు. 2023 ఆగస్టు నెలలోనే బ్లాస్టు ఫర్నేసులో ఇనుము కరగి పారినది, వేడి ఉక్కు రేకు చుట్ట బయటకు వచ్చినది. అదే సంవత్సరము అక్టోబరు 3వ తేదీన ప్రధానమంత్రి దానిని జాతికి అంకితము చేసిరి. దీనికై ఎన్.ఎం.డి.సి. స్టీల్ అను వేరు సంస్థ ఏర్పడినది. ఓడలపై పరదేశమునకు పోయి ఉక్కుగా మారుచుండిన బస్తరు రాయికి ఇంటిముంగిటనే కొలువు దొరకినదన్నమాట.

చేరబోవువారు రెండు సంగతులు మరువరాదు. 2020 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గము ఈ కర్మాగారమును మాతృసంస్థనుండి వేరుచేసి, ప్రభుత్వ వాటాను పూర్తిగా విక్రయించుటకు ఆమోదము తెలిపినది. కార్మిక సంఘములును, స్థానికులును దానిని ప్రతిఘటించిరి. కొలువు శాశ్వతమని కన్నులు మూసికొని పోవుటకు వీలులేదు; తెలిసికొని పోవలెను. రెండవది, ఆ కర్మాగారము నిలిచినది గ్రామములవారు సాగుచేసికొనిన భూములపై. భూమి పోయినవారికి ఉద్యోగములన్న మాట అచ్చట ఎంతో కాలము నలిగిన మాట. బయటినుండి వచ్చి కుర్చీలో కూర్చుండువాడు ఆ భూముల పూర్వపు యజమానులతో కలిసి పనిచేయవలసినవాడు. హల్బీ, భత్రీ భాషలలో పది మాటలు నేర్చుకొనుట అతనికి మర్యాద మాత్రమే కాదు, ధర్మము కూడ.

తెలుగువారికి ఆ గడ్డ పూర్తిగా కొత్తది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యము స్థాపించెననియు, దంతేశ్వరీ దేవి అతని వెంట వచ్చినదనియు అచ్చటి ఐతిహ్యము. ఆ దేవిని కొలుచు బస్తరు దసరా 75 దినములు సాగును. జగదల్పూరు ప్రక్కగా పారు ఇంద్రావతి చిత్రకూట జలపాతమున దూకి, పోయి పోయి గోదావరిలో కలియును. జపాను చలికై కుట్టించిన ఉన్ని దుస్తులు కూడ వృథా కావు. బస్తరు పీఠభూమిలో జనవరి ఉదయమున వాటి అవసరము కలుగును.

తిరిగి వచ్చిన దంపతులు మూడు దినములు అచ్చట గడపిరనుకొందురుగాక. భార్య క్వార్టర్లలో నీటి సంగతి అడిగినది, ఆసుపత్రి దూరము తెలిసికొన్నది, జగదల్పూరు కేంద్రీయ విద్యాలయమునకు పోయి ఖాళీల మాట విచారించినది. భార్యాభర్తలిరువురు ప్రభుత్వోద్యోగులైనప్పుడు సాధ్యమైనంతవరకు ఒకే చోట నియమింపవలెనని 2009లో కేంద్ర ప్రభుత్వము చెప్పియున్నది. ఒకరు ప్రభుత్వరంగ సంస్థలో ఉన్నను అది వర్తించును. అయితే అది మార్గదర్శకము, హక్కు కాదు. ఖాళీ ఉన్ననే ఫలించును. కావున విద్యాసంవత్సరము ముగియువరకు ఆమె విశాఖలోనే ఉండుటకును, అప్పుడే బదిలీకి దరఖాస్తు పెట్టుటకును, ఏడాదిలోగా అది రానిచో ఈ కొలువు సంగతి ఇద్దరును కూర్చుండి మరల ఆలోచించుటకును నిశ్చయించుకొనిరి. ఆ నిశ్చయములో ఎడబాటు ఉన్నది, ఖర్చు ఉన్నది. కాని ఒకరు ఆజ్ఞాపించి, ఒకరు తలవంచుట లేదు.

విహారము మానినంతమాత్రమున ఎవడును గొప్ప ఉద్యోగి కాడు; విహారము చేసినంతమాత్రమున ఎవడును బాధ్యత మరచినవాడు కాడు. ముందుగా అడిగి, అనుమతితో పోయి, చెప్పిన తేదీకి చేరువాని సెలవు అతని పనికి అడ్డము రాదు. కొత్త ఊరికి పోవు నిర్ణయము మాత్రము ఉత్తరువు మీద పేరున్న ఒక్కనిది కాదు. ఆ ఊరిలో పొయ్యి వెలిగించువారు, పిల్లలను బడికి పంపువారు, బట్టలపై మసిని మొదట చూచువారు కూడ ఆ నిర్ణయమునకు సంతకము చేయవలెను. ఈ శీతకాలమున ప్రయాణపు లెక్కలు వేయు కుటుంబములు ఈ లెక్కను కూడ అందులో చేర్చుకొందురుగాక.