ఒకే మనిషి, రెండు పాస్‌పోర్టులు, రెండు పేర్లు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడమంటే నాకు సులువుగా ఉండేది. కార్యదర్శిగారు మాత్రం "మీ అమ్మాయి సంగతి చెప్పండి, మన పిల్లలు చాలామంది విదేశాల్లోనే ఉన్నారు కదా" అన్నారు. అందుకని చెబుతున్నాను.

నేను 38 ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు వెనక్కి పంపినవాణ్ణి. 1997లో మా అమ్మాయి పాస్‌పోర్టు దరఖాస్తు నేనే నింపాను. పెళ్లయిన పిల్లయినా మా ఇంటిపేరే రాశాను. "డిగ్రీ సర్టిఫికెట్టులో ఉన్న పేరు మార్చకు, రేపు ఎక్కడా చెల్లదు" అని గట్టిగా చెప్పాను. ఆ పేరుతోనే బ్రిటన్ వెళ్లింది, ఆ పేరుతోనే అక్కడి పౌరసత్వం తీసుకుంది. మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం అప్పటితో భారత పౌరసత్వం పోయినట్టే. తరవాత ఓ.సి.ఐ. కార్డు తీసుకుంది. దాన్ని చాలామంది రెండో పౌరసత్వం అనుకుంటారు. కాదు, దానితో ఓటు హక్కు రాదు.

తరవాత వాళ్లు అమెరికా మారారు. 2015లో అక్కడి పౌరసత్వం వచ్చింది. బ్రిటన్ పౌరసత్వం వదులుకోనక్కర్లేదు కాబట్టి అదీ ఉంది. అమెరికాలో పౌరసత్వం ఇచ్చేటప్పుడే పేరు మార్చుకునే వీలుంది. పిల్లలతో ప్రయాణాల్లో తల్లి ఇంటిపేరు వేరేగా ఉంటే ప్రశ్నలు వేస్తున్నారని అల్లుడి ఇంటిపేరు పెట్టుకుంది. నాకు చెప్పలేదు. చెబితే వద్దనేవాణ్ణి.

2023లో మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది. కబురు అందగానే అల్లుడు టిక్కెట్టు కొన్నాడు, అమెరికా పాస్‌పోర్టులోని పేరుతో. అక్కడి విమానాశ్రయంలో కౌంటరు దగ్గర ఓ.సి.ఐ. కార్డు అడిగారు. అందులో మా ఇంటిపేరు, బ్రిటిష్ పాస్‌పోర్టు నంబరు. అమ్మాయి బ్రిటిష్ పాస్‌పోర్టూ చూపించింది. అది కార్డుతో సరిపోయింది గాని టిక్కెట్టుతో సరిపోలేదు. రెండు పేర్లూ ఒకే మనిషివని చెప్పే కాగితం పెళ్లి సర్టిఫికెట్టు ఒక్కటే. అది ఇంట్లో బీరువాలో ఉంది. అల్లుడు వెళ్లి తెచ్చేసరికి విమానం వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం మళ్లీ బయలుదేరింది. ఇక్కడికి చేరేసరికి వాళ్లమ్మకు మాట పడిపోయింది. మనిషిని గుర్తుపట్టింది, చెయ్యి పట్టుకుంది, అంతే. కౌంటరులో ఉన్నతన్ని నేను తిట్టుకోలేదు. ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

కాబట్టి మీ పిల్లలతో చెప్పండి. టిక్కెట్టు మీద ఏ పేరుంటే ఆ పాస్‌పోర్టే కౌంటరులో చూపాలి. అమెరికా పౌరులు ఆ దేశంలోకి వచ్చినా, అక్కణ్ణించి వెళ్లినా అమెరికా పాస్‌పోర్టు మీదే ప్రయాణించాలి. బ్రిటిష్ పౌరసత్వం కూడా ఉన్నవాళ్లు అమెరికా పాస్‌పోర్టు ఒక్కటే పట్టుకుని బ్రిటన్ బయలుదేరితే, 2026 ఫిబ్రవరి 25 నుంచి విమానం ఎక్కనివ్వకపోవచ్చు. పేరు మారితే ఓ.సి.ఐ. కార్డు కొత్త పేరుతో మళ్లీ తీసుకోవాలి. అది చేతికొచ్చేదాకా పెళ్లి సర్టిఫికెట్టు అసలుది చేతిసంచీలో ఉండాలి, పెట్టెలో కాదు. పెట్టె విమానం కడుపులోకి పోతుంది.

అన్నట్టు, మనకీ ఈ బెడద లేకపోలేదు. పి.పి.ఓ.లో భార్య పేరు ఒకలాగా, ఆధార్‌లో మరొకలాగా ఉన్నవాళ్లు ఈ హాల్లోనే ఎంతమందో!

పెద్దకర్మ అయిన మూడోరోజున అమ్మాయి, నేను ఓ.సి.ఐ. దరఖాస్తు నింపడానికి కూర్చున్నాం. ఈసారి రాసింది తనే. తల్లి పేరు దగ్గర ఆగిపోయింది. "నాన్నగారూ, మీ పెన్షన్ కాగితంలో అమ్మ పేరు ఎలా రాశారో చూసి చెప్పండి" అంది. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క అక్షరమే చదివి చెప్పాను.