చేతికి పని చెప్పే పుస్తకాలు

వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో వెలసిన స్వామి పేరు మధుకేశ్వరుడు. మధుకం అంటే ఇప్పచెట్టు. చెట్టు పేరే దేవుడికి పెట్టుకున్న ఊరి నుంచి, ఇంటి పనులు నేర్పే పుస్తకాల గురించి నాలుగు మాటలు.

మొదట మాలతీ చందూర్ ‘వంటలు – పిండివంటలు’. తరాలు మారినా మళ్లీ మళ్లీ అచ్చయిన పుస్తకం. కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు అమ్మ పక్కన నిలబడి చెప్పినట్టుంటుంది. నా మాటగా ఒకటి: దాని అంచుల్లో మీ ఇంటి పద్ధతి పెన్సిలుతో రాసుకోండి. మనవైపు పనసపొట్టు కూరలో ఆవ పెడతాం కదా. ఎండుమిర్చి, ఉప్పు చేర్చి నూరిన ఆ ముద్దను పొయ్యి మీదుండగానే కలిపితే కూర చేదెక్కుతుంది. దించి, వేడి కాస్త తగ్గాకే కలపాలి. ఇలాంటివి రాసిపెట్టకపోతే అమ్మమ్మలతోనే పోతాయి.

పెరటికైతే జపాన్ రైతు మసనోబు ఫుకువోకా 1975లో వెలువరించిన పుస్తకం. తెలుగులో ‘గడ్డిపరకతో విప్లవం’. కోతయ్యాక గడ్డిని ఆయన తిరిగి పొలంలోనే పరిచేవాడు. మీరూ వంగమొక్క మొదట్లో నీళ్లు పోసి, ఎండుగడ్డి పరచి చూడండి. మర్నాడు వేలితో తొలగిస్తే కింద మట్టి ఇంకా చెమ్మగానే ఉంటుంది.

సెలవుల్లో పిల్లలకు, బొమ్మలు చేయడం నేర్పే అరవింద్ గుప్తా పుస్తకాలు ఇవ్వండి, తెలుగులోనూ ఉన్నాయి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు చాలు. నాలుగు పుల్లల చతురస్రం నొక్కితే ఒరిగిపోతుంది, మూడు పుల్లల త్రికోణం కదలదు. అప్పుడు పిల్లల్ని పిలిచి పెంకుటింటి కప్పు కింద నిలబెట్టి, పైకి చూడమనండి.