జామీను సంతకం కూడా అప్పే
(రుద్రవరంలో జరిగిన మన సంఘం వార్షిక సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

 

వడ్డీ గురించి మన ధర్మం ఏమంటుందో ఉలమాలు చెబుతారు. కోర్టులో ఏం జరుగుతుందో నేను చెబుతాను.

కిరాణా కొట్టు నడుపుకొనే ఒక పెద్దాయన జప్తు నోటీసు పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. మేనల్లుడు పంట పెట్టుబడికి నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాడు. ఆ నోటుకు ఈయన జామీను. పంట పోయింది, మేనల్లుడు ఊరు వదిలాడు. మూడేళ్లు నిండేసరికి వడ్డీయే 1,44,000 అయింది. దావా సమన్లు వచ్చినప్పుడు, "అప్పు వాడిది కదా, వాణ్ణే అడుగుతారులే" అని ఈయన కోర్టుకు పోలేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. ఉన్న ఒక్క ఇంటి మీదికి జప్తు వచ్చింది. "నేను ఒక్క రూపాయి తినలేదు వకీల్ సాబ్" అన్నారు.

నిజమే, తినలేదు. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, కాగితంలో వేరే షరతు లేకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీను ఉన్నవాడికీ అంతే. ముందు అసలువాడిని అడిగి, రాకపోతేనే జామీనుదారును అడగాలన్న నియమం లేదు. బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో సుప్రీంకోర్టు 1968లోనే ఈ మాట తేల్చింది.

కాబట్టి సంతకం పెట్టేముందు నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి, సాక్షిగా సంతకం పెట్టినవారు అప్పు కట్టనక్కరలేదు. జామీనుదారు కట్టాలి. అప్పుదారు పక్కన రెండో అప్పుదారుగా పెడితే, మీరు అప్పు తీసుకున్నట్టే. ఎక్కడ పెడుతున్నారో చదివించుకోండి.

రెండు, ఖాళీ నోటు మీద సంతకం వద్దు. స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద సంతకం చేసి ఇస్తే, దాన్ని నింపుకొనే అధికారం ఇచ్చినట్టే. సంతకం మీదేనని తేలితే, డబ్బు ముట్టలేదని రుజువు చేసే భారం మీదే.

మూడు, డిమాండు నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఆ లోపల నోటు వెనుక చెల్లు రాసి సంతకం పెడితే గడువు మళ్లీ మొదలవుతుంది. వంద రూపాయల చెల్లు అయినా అంతే. డబ్బు కట్టినప్పుడు చెల్లు తప్పక రాయించండి, కట్టకుండా మాత్రం సంతకం పెట్టకండి.

నాలుగు, సమన్లు వస్తే తప్పక వెళ్లండి. మిమ్మల్ని అడగకుండా అప్పు షరతులు మార్చారనో, అసలువాడికి గడువు పెంచుతూ ఒప్పందం చేసుకున్నారనో చెప్పుకునేది అక్కడే. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు వచ్చిన 1938 నాటి రైతు రుణ ఉపశమన చట్టం కింద, అర్హత ఉన్న రైతు ప్రైవేటు అప్పు మీద వడ్డీ తగ్గించమని అడగవచ్చు. అడగనివారికి కోర్టు తనంతట తాను ఇవ్వదు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవా కమిటీకి అర్జీ పెట్టండి. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

ఆ పెద్దాయన కేసు చివరికి లోక్ అదాలత్‌లో వాయిదాల మీద రాజీ అయింది. ఇల్లు నిలిచింది, కొట్టు మూతపడింది. కట్టిన సొమ్ము మేనల్లుడి దగ్గర రాబట్టుకునే హక్కు చట్టం ఇచ్చిందని చెప్పాను. "చెల్లెలి కొడుకు మీద దావా ఎలా వేసేది?" అని లేచి వెళ్లిపోయారు. మనలో చాలామంది పరిస్థితి ఇదే.

జామీను అన్న మాట అరబీ నుంచి వచ్చింది. అప్పు మిగిల్చి చనిపోయిన ఒకరి జనాజా నమాజు చేయించడానికి ప్రవక్త (స) ముందుకు రాలేదు. ఆ అప్పు నాది అని అబూ ఖతాదా (రజి) అన్నాకే చేయించారు. ఆయన మొహమాటానికి ఆ మాట అనలేదు. తానే కట్టాలని తెలిసి అన్నారు. మనకు కొలత అదే. అవతలివాడు కట్టకపోతే నేను కట్టగలనా? కట్టగలను అనుకుంటేనే సంతకం పెట్టండి. లేకపోతే చేతనైనంత డబ్బు చేతిలో పెట్టి, సంతకం మాత్రం పెట్టలేనని చెప్పండి. అందులో తప్పు లేదు.

మన సంఘానికి ఒక మనవి. నోటు మీద సంతకం పెట్టబోయేవారు ముందు తెచ్చి చూపిస్తే, చదివి వినిపించడానికి చదువుకున్న పిల్లలను వారానికి ఒక పూట కూర్చోబెట్టండి. డిక్రీ అయ్యాక మాలాంటివాళ్లం చేయగలిగేది తక్కువ.