గోడమీది జాబితా



ఈ రజతోత్సవమున గ్రంథములను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు సెలవిచ్చిరి. నేను లెక్కలు వ్రాయువాడను. కావ్యములు నాకు నేనై రాత్రివేళ చదువుకొన్నవే. కావున గ్రంథము కాని యొక కాగితమును గూర్చి విన్నవించెదను. అది మన పత్రికల బల్ల కెదురుగా గోడకంటించిన పి.ఎం. కిసాన్ లబ్ధిదారుల జాబితా.

పూర్వము రాజులు భూదానము చేసినప్పుడు పుచ్చుకొన్నవాని పేరు, భూమి కొలత, నాలుగెల్లలు శిలపై చెక్కించెడివారు. కాకతీయ గణపతిదేవుడు 1244 లో మోటుపల్లి రేవున వర్తకు లీయవలసిన సుంకములను శాసనమున వ్రాయించెను. ఇచ్చునదియు, పుచ్చుకొనునదియు పదిమంది యెదుట నుండవలెననుట మనకు క్రొత్త కాదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము నాలుగవ సెక్షను, సబ్సిడీ పొందినవారి వివరములను ఎవరును అడుగకముందే ప్రకటింపుమనుచున్నది. 2019 లో ఆరంభమైన పి.ఎం. కిసాన్ నిబంధనలును జాబితాను పంచాయతీలో నుంచుమనియే చెప్పినవి.

ఆ జాబితా వచ్చిన సాయంకాలము, చదువు రానివారికొరకు ఒక విద్యార్థి దానిని బిగ్గరగా చదివెను. నా పేరును వచ్చెను. అరుగుమీది వృద్ధు డొకడు, "పంతులుగారూ, అమ్మగారు సర్కారు బళ్లో పాఠాలు చెబుతున్నారు గదా, ఇది మీక్కూడా వస్తుందా?" అని యడిగెను. అది యెత్తిపొడుపు కాదు, తెలిసికొనుటకే యడిగెను.

భార్యాభర్తలలో నొకరు అట్టి ప్రభుత్వోద్యోగములో నున్నచో ఈ పైకము చెందదు. ఊరివారి దరఖాస్తులు దిద్దిన నేను ఆ నిబంధన నెరుగననుటకు వీలులేదు. అందరివానితో నాదియు నింపితిని. రెండేసి వేలు చొప్పున మూడు వాయిదాలు తీసికొంటిని. ఆ వారములోనే 6,000 రూపాయలు తిరిగి చెల్లించితిని. గోడమీద కాగితము లేకున్నచో చెల్లించి యుందునా? ఔననుటకు నాకు నోరు రాదు.

పేరు బయటపెట్టుట పేదవాని కవమానము గాదా యని కొందరు మిత్రుల శంక. తేలికగా త్రోసివేయదగిన శంక కాదిది. ఐరోపా సమాఖ్యలో రైతుసహాయము పొందిన వ్యక్తు లందరి పేర్లును, మొత్తముల తారతమ్యము చూడక, ప్రకటించుట మితిమీరిన పని యని అక్కడి న్యాయస్థానము 2010 నవంబరు 9న కొట్టివేసెను. వ్యాజ్యము తెచ్చినవారు జర్మనీ రైతులు. 2013 లో మరల నియమము చేసి, సాధారణముగా 1,250 యూరోలు మించనివారి పేర్లు మాత్రము మరుగున నుంచిరి. మన పథకములో అందరికిని మొత్త మొక్కటే; పేరు చదివినంతమాత్రమున ఎవని కలిమిలేములును బయటపడవు. అయినను బ్యాంకు ఖాతా, ఆధారు సంఖ్యలు గోడ కెక్కరాదు. మొదటి ప్రతిలో ఖాతా అంకెలు కనబడగా నేనే సిరాతో కొట్టివేసితిని.

చదువుట ముగిసిన పిమ్మట ఆ వృద్ధుడే, "నా పేరు రాలేదేం?" అనెను. ఆయన కౌలుదారు. నాలుగెకరములు దున్నుచున్నాడు, పట్టాదారు పట్టణమున నున్నాడు. పథకము పట్టాను చూచును గాని నాగలిని చూడదు. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను.

మరునాడు జాబితా క్రింద మేకునకు ఒక నోటుపుస్తకము కట్టితిమి. జాబితాలో లేని సాగుదారులు తమ పేరు, దున్ను చేను, ఎకరములు అందులో వ్రాయించుచున్నారు. గ్రామసభకు దానిని తీసికొనిపోవలెనని మా సంకల్పము. మొదటి పుటలో ఆయన వ్రేలిముద్ర యున్నది.