పేపరులో మందగమనం మాటలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందికి పొద్దున్నే కాఫీతోపాటు ఇంగ్లీషు పేపరు కూడా ఉండాలి. ఆర్థిక పరిస్థితి మందగించినప్పుడు ఆ పేపర్లలో కొన్ని మాటలు ఎప్పుడూ జంటలుగానే వస్తాయి. జీవితమంతా డ్రాఫ్టులు రాసిన గుమాస్తాను కనుక, ఏ మాటలో ఏ మెలిక ఉందో చూడడం నాకు అలవాటు.

మొదటిది 'గ్రోత్ స్లోస్ డౌన్'. అంటే ఎదుగుదల ఆగలేదు, వేగం తగ్గింది. ఎనిమిది శాతం పెరిగేది ఐదు శాతమే పెరుగుతోందన్నమాట. 'స్లగ్గిష్ డిమాండ్', 'లూజింగ్ స్టీమ్' ఈ కోవలోవే.

రెండవది 'ఎకానమీ కాంట్రాక్ట్స్'. ఇక్కడ ఉత్పత్తే తగ్గిపోయింది. దీన్నే మర్యాదగా 'నెగెటివ్ గ్రోత్' అంటారు. జీతంలో కోతను 'మైనస్ ఇంక్రిమెంటు' అన్నట్లు!

మూడవది 'స్లిప్ ఇంటు రిసెషన్'. వరుసగా రెండు త్రైమాసికాలు జి.డి.పి. తగ్గితే 'టెక్నికల్ రిసెషన్' అనడం వాడుక. అది మరీ లోతుగా, ఏళ్ల తరబడి సాగితే 'డిప్రెషన్'. 1929 తరువాత ప్రపంచం చూసింది అదే. తెలుగు పత్రికలు మందగమనం, మాంద్యం, మహామాంద్యం అని మూడు మెట్లు చక్కగానే కట్టాయి. అరుగుమీద మాట్లాడుకునేటప్పుడు మనమే అన్నిటినీ మాంద్యం అనేస్తాం.

2019 నవంబరులో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ రాజ్యసభలో, వృద్ధి తగ్గి ఉండవచ్చు గాని ఇది రిసెషన్ కాదన్నారు. లెక్క ప్రకారం అది సరే. ఆ జూలై-సెప్టెంబరు వృద్ధి 4.5 శాతమని అప్పట్లో ప్రకటించారు. మరుసటి ఏడు లాక్‌డౌన్ వచ్చింది. మొదటి అంచనాల ప్రకారం 2020 ఏప్రిల్-జూన్‌లో జి.డి.పి. 23.9 శాతం, తరువాతి త్రైమాసికంలో 7.5 శాతం తగ్గింది. అప్పుడు రిసెషన్ అనక తప్పలేదు.

ఈ మాటలంటే ఏలినవారికి ఎక్కడైనా జంకే. 1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సలహాదారు ఆల్‌ఫ్రెడ్ కాన్ 'డిప్రెషన్' రావచ్చని హెచ్చరించాడు. పైవారు మందలించారు. దాంతో ఆయన ఆ మాటకు బదులు 'బనానా' అనడం మొదలుపెట్టాడు! పేరు మార్చినంత మాత్రాన కష్టం మారదు కదా.

ఇక పింఛనుదారులకు తగిలిన మాట 'ఫ్రీజ్'. 2020 ఏప్రిల్‌లో కేంద్రం తన ఉద్యోగుల డి.ఎ., పింఛనుదారుల డి.ఆర్. మూడు వాయిదాలను నిలిపివేసింది. గడ్డకట్టింది ఎప్పటికైనా కరుగుతుందనే అనుకుంటాం. 2021 జూలై 1 నుంచి డి.ఆర్. 17 శాతం నుంచి 28 శాతానికి పెరిగింది. వెనకటి 18 నెలల బకాయి మాత్రం రాలేదు. మూలపింఛను పదివేలున్న వారికి 4 శాతం చొప్పున 18 నెలలకు 7,200; 3 శాతం చొప్పున 12 నెలలకు 3,600; మళ్లీ 4 శాతం చొప్పున 6 నెలలకు 2,400; వెరసి 13,200 రూపాయలు. ఈ వయసులో అది కొన్ని నెలల మందుల ఖర్చు. బకాయిలు చెల్లించబోమని ఆ ఉత్తర్వులోనే రాసి ఉంది. హెడ్డింగు చూసినవారు ఆశతో ఉన్నారు, పేరా చదివినవారికి ఆనాడే తెలిసింది.

కనుక నా మనవి ఒక్కటే. ఇలాంటి వార్త చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. తగ్గింది వేగమా, పరిమాణమా? ఏ కాలంతో పోల్చి చెబుతున్నారు? మన పింఛనును తాకే పేరా ఎక్కడుంది? ఆ పేరా దొరికితే దానికింద గీత గీసి సంఘ కార్యాలయానికి పట్టుకురండి. వినతిపత్రానికి డ్రాఫ్టు రాసే చెయ్యి ఇంకా వణకడం లేదు.