చదివిన పిమ్మటనే చేవ్రాలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసెను. 1914లో ఆ నగరముననే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టెను. 1935 నాటికి డెల్టా కాలువలపై పడవలలో సయితము పుస్తకములు పాఠకులను చేరినవి. ఆ ఉద్యమము వలన కలిగిన మేలులలో ఒకటి మిక్కిలి గొప్పది. ప్రామిసరీ నోటుపై వ్రేలిముద్ర వేయుటకు ముందు, అందేమి వ్రాసియున్నదో అడుగు అలవాటు పల్లెలకు వచ్చినది. నేడు నోటు వంటిదే మరియొక పత్రము గ్రామస్థుల చేతికి రావచ్చును. అది క్రొత్త మందును మనుష్యులపై పరీక్షించునపుడు వైద్యులు ఇచ్చు సమ్మతి పత్రము. హెచ్.ఐ.వి. వ్యాధి విషయమున ఈ పత్రమునకు గల ప్రాముఖ్యము ఇంతింత కాదు.

ఔషధ పరీక్షయనగా నేమో రైతులకు తెలుపుట సులభము. మార్టేరు పరిశోధనా కేంద్రమున పుట్టిన స్వర్ణ వరి డెల్టా పొలములకు ఊరకనే రాలేదు. క్రొత్త వంగడమును ఒక మడిలోను, పాత వంగడమును ప్రక్క మడిలోను వేసి, నీరును ఎరువును సమముగా పెట్టి, పంటను తూచి చూచిన పిమ్మటనే ఏది మేలో తేలును. మందు విషయమునను అంతియే. మొదట కొలదిమందికి ఇచ్చి హానికరమా యని చూతురు. పిదప గుణమిచ్చునా యని చూతురు. ఆ పిదప అనేకులను రెండు జట్టులుగా చీటీలు తీసినట్లు విభజించి, క్రొత్త మందును పాత చికిత్సతో పోల్చుదురు. కాని మడికిని మనిషికిని ఒక భేదము కలదు. మడి ప్రశ్నింపలేదు, మనిషి ప్రశ్నింపగలడు. మడి నడుమ తప్పుకొనలేదు, మనిషి తప్పుకొనవచ్చును.

ఇట్టి పరీక్షలలో పాల్గొన్నవారు లేనిచో హెచ్.ఐ.వి.కి నేడు మందే లేదు. 1986లో అమెరికాలో 282 మంది రోగులపై అజిడోథైమిడిన్ అను మందును పరీక్షించిరి. 145 మందికి మందును, 137 మందికి మందులేని మాత్రను ఇచ్చిరి. కొలది మాసములలో మొదటి జట్టులో ఒకరును, రెండవ జట్టులో 19 మందియు మరణించిరి. వెంటనే పరీక్షను ఆపి, మిగిలినవారికిని మందు నిచ్చిరి. ఆ 19 మంది పేర్లు లోకమునకు తెలియవు. వారి ఋణము మాత్రము లోకముపై ఉన్నది. ఆ మందును స్వదేశముననే చౌకగా తయారుచేయు విధానమును హైదరాబాదు పరిశోధనాలయమున రూపొందించినవారు గుంటూరులో జన్మించిన ఆచార్య ఎ.వి. రామారావు గారు. ఒక్క మందుతో వ్యాధి ఎంతోకాలము లొంగదని తేలగా, 1996 నాటికి మూడు మందులను కలిపి ఇచ్చు పద్ధతి వచ్చినది.

మరియొక పరీక్ష ఇంకను సమీపమున జరిగినది. దంపతులలో ఒకరికి వ్యాధి ఉండి, రెండవవారికి లేని 1,763 జంటలు తొమ్మిది దేశములలో ఒక పరీక్షలో పాల్గొనినవి. చెన్నపట్నము, పూనా నగరముల జంటలును అందున్నవి. కొందరికి మందును వెంటనే మొదలుపెట్టిరి. తక్కినవారికి ఆనాటి పద్ధతి ననుసరించి, రక్తములోని రక్షక కణములు తగ్గిన పిమ్మట ఇచ్చిరి. 2011లో ఫలితము వెలువడినది. త్వరగా మందు మొదలిడినచో భాగస్వామికి వ్యాధి సంక్రమించుట నూటికి 96 పాళ్లు తగ్గినది. భారత ప్రభుత్వము 2004 ఏప్రిల్ 1 నుండి ఉచితముగా మందు లిచ్చుచుండినను, రక్షక కణములు తగ్గువరకు రోగి వేచియుండవలసి వచ్చెడిది. 2017 నుండి వ్యాధి తేలిన వారందరికిని వెంటనే ఇచ్చు పద్ధతి వచ్చినది. ఆ నిర్ణయము వెనుక ఇట్టి జంటల సాహసము కలదు.

ఇది నాణెమునకు ఒక ప్రక్క. రెండవ ప్రక్కను దాచుట ధర్మము కాదు. 2011లో పిడుగురాళ్ల ప్రాంతపు పేద స్త్రీలు కొందరు కొద్దిపాటి సొమ్ముకు ఆశపడి హైదరాబాదు వెళ్లి, కాన్సరు మందు పరీక్షలో పాల్గొనిరి. తిరిగివచ్చి అస్వస్థులైన పిమ్మట సంగతి బయటపడెను. తాము దేనికి సమ్మతించితిమో వారికి తెలియదు. ప్రభుత్వము విచారణ జరిపి ఆ సంస్థకు గల అనుమతిని నిలిపివేసెను. సమ్మతి పత్రము లేకపోలేదు, చేవ్రాలును ఉన్నది, తెలివిడి మాత్రము లేదు. తెలియని సమ్మతి సమ్మతి కాదు.

అటుపిమ్మట నియమములు కట్టుదిట్టమైనవి. 2019 నాటి నిబంధనల ప్రకారము ప్రతి పరీక్షకును నైతిక సంఘము యొక్క ఆమోదము వలయును. ఆ సంఘములో వైద్యులు కాని సామాన్యులును, స్త్రీలును ఉండవలయును. పత్రము రోగికి తెలిసిన భాషలో ఉండవలయును. చదువురానివారి విషయమున, పరీక్షతో సంబంధము లేని సాక్షి ఆద్యంతము ఉండి చేవ్రాలు చేయవలయును. పత్రపు ప్రతి యొకటి రోగికి ఇవ్వవలయును. మందు వలన హాని కలిగినచో ఉచిత చికిత్సయు, నష్టపరిహారమును లభించును. అసహాయులైన వారిపై సరిక్రొత్త మందును పరీక్షించునపుడు సమ్మతి తీసికొను సన్నివేశమును చిత్రముతో సహా నమోదు చేయుదురు. హెచ్.ఐ.వి., కుష్ఠు మందుల పరీక్షలలో మాత్రము కంఠస్వరమునే నమోదు చేయుదురు, ముఖము కనబడరాదు. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న హెచ్.ఐ.వి. చట్టము ప్రకారము, తెలిసి ఇచ్చిన సమ్మతి లేక ఆ వ్యాధిగ్రస్తునిపై ఏ పరిశోధనయు చేయరాదు. అతని వ్యాధి సంగతి బయట పెట్టరాదు.

కావున పరీక్షకు పిలుపు వచ్చినపుడు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఈ మందును ఇంతకు ముందు ఎవరికిచ్చిరి? ఏ హాని కలుగవచ్చును? ఇప్పుడు వాడుచున్న మందు ఆగునా? పరీక్ష ముగిసిన పిమ్మట మందు ఎవరిత్తురు? రాత్రివేళ జబ్బు చేసినచో ఎవరిని పిలువవలయును? నడుమ మానుకొన్నచో ఆసుపత్రి చికిత్స యథాప్రకారము సాగునా? తుది ప్రశ్నకు సాగునన్న సమాధానమే న్యాయమైనది. పాల్గొనకపోవుటయు నేరము కాదు. ఇంటికి పత్రమును తెచ్చుకొని, రెండు దినములు ఆలోచించుటకు సందేహింప నక్కరలేదు.

పాల్గొనువారికిని బాధ్యత కలదు. తమకు గల ఇతర వ్యాధులను, వాడు మందులను దాచరాదు. ప్రభుత్వ ఎ.ఆర్.టి. కేంద్రపు వైద్యునితో చెప్పకుండ పరీక్షకు పోరాదు. వాడు మందును తమంతట తాము మానరాదు. మానినచో క్రిమి బలపడి ఆ మందుకే లొంగకపోవచ్చును.

ఇందు గ్రంథాలయము చేయదగిన సేవ యేమి? పట్టణములో మనిషి జనములో కలిసిపోవును. పల్లెలో అట్లు కాదు. ఆసుపత్రి బస్సు ఎవరెక్కిరో సాయంకాలమునకు ఊరంతకు తెలియును. పత్రము చదివిపెట్టుమని రోగి బిడియపడక ఎవరినడుగును? అతడు అడుగ నక్కరలేకుండ చేయుటయే గ్రంథాలయపు పని. సమ్మతి పత్రమనగా నేమో, అందు ఏ హక్కులుండునో నెలకొకసారి అందరికిని కలిపి చదివి వినిపించినచో, కావలసినవాడు ఆ గుంపులో మౌనముగా కూర్చుండి నేర్చుకొనును. వ్యాధి ఎవరికున్నదని ఎవరును అడుగరు. అతడు ఒకనాడు ఆసుపత్రి బల్ల ముందు కలము పట్టినపుడు, ప్రతి పంక్తియు తెలిసి చేవ్రాలు చేయును. లేదా తెలిసియే కలమును క్రింద పెట్టును. రెండును గౌరవింపదగినవే.